చెయ్యి వణికితేనే ఊడే పువ్వు

మా చిన్నప్పుడు గుంటూరులో క్రిస్మస్ బిస్కెట్లు కొనుక్కునేవాళ్లు తక్కువ, చేయించుకునేవాళ్లే ఎక్కువ. ఇంట్లో ఓవెన్ అనే మాటే లేదు. డిసెంబరు రెండో వారంలో అమ్మ చీటీ రాసేది. మైదా, పంచదార, డాల్డా, గుడ్లు, ఎసెన్స్. అవన్నీ సంచుల్లో సర్ది నాన్న సైకిలుకి తగిలిస్తే, నేనూ అక్కా వెనకాలే నడుచుకుంటూ బ్రాడీపేటలో ఓ సందు చివర ఉండే బేకరీకి వెళ్లేవాళ్లం. సరుకు మనం ఇవ్వాలి, చేసిపెట్టినందుకు కిలోకి ఇంత అని కూలి తీసుకునేవాళ్లు. మామూలు రోజుల్లో బన్నులూ బ్రెడ్డూ కాల్చే కట్టెల బట్టీ ఆ రోజుల్లో మాలాంటి వాళ్ల రేకులతోనే నిండిపోయేది.

అక్కడ కూర్చోవడమే సగం పండగ. బేకరీ అతను పెద్ద బల్ల మీద డాల్డా, పంచదార కుమ్మరించి, పంచదార పలుకు చేతికి తగలనంత వరకూ అరచేత్తో రుద్దుతూనే ఉండేవాడు. మా వంతు వచ్చేసరికి బాగా రాత్రయ్యేది. మన డాల్డా ఇంకొకళ్ల దాంట్లో కలిసిపోతుందేమో, గుడ్లు రెండు తగ్గుతాయేమో అని నాన్న బల్ల దగ్గర్నుంచి కదిలేవాడు కాదు. అనుమానం బేకరీ అతని మీద కాదులెండి, వరసలో మా ముందున్నవాళ్ల మీద. ప్రతి రేకు మూలా పేరు రాసిన చీటీ పెట్టేవాళ్లు. అది కాస్తా బట్టీలో మాడి మసై వచ్చేది. ఇక ఏ బిస్కెట్లు ఎవరివో తేల్చుకోవడం ఇంకో పంచాయితీ.

బట్టీ తలుపు తీసినప్పుడల్లా ఒక ఘాటు ముక్కులోకి కొట్టేది, కళ్లలో నీళ్లు తిరిగేవి. బిస్కెట్ పొంగడానికి పిండిలో అమోనియా అని పిలిచే తెల్ల పొడి వేసేవాళ్లు. వేడి తగలగానే అది గాలిగా మారి వెళ్లిపోతుంది, బిస్కెట్లో ఏమీ మిగలదు, కరకరలాడుతూ వస్తుంది. పల్చటి బిస్కెట్లకే పనికొస్తుంది. మందంగా ఉండే కేకుల్లో వేస్తే ఆ గాలి బయటికి పోలేక వాసన లోపలే ఉండిపోతుంది. ఈ సంగతులన్నీ తర్వాత తెలిశాయి. అప్పటికి మాకు అది క్రిస్మస్ వాసన, అంతే.

బిస్కెట్లు డబ్బాల్లోకి ఎక్కాక ఇంట్లో వంటలు మొదలయ్యేవి. కజ్జికాయలు, చెక్కలు, చివర్న గులాబీ పువ్వులు. వీధిలో అందరిళ్లకీ పళ్లెం వెళ్లాల్సిందే. సంక్రాంతికి వాళ్లిళ్ల నుంచి అరిసెలు వచ్చేవి, రంజానుకి వెనకింటి నుంచి సేమ్యా. మా పళ్లెంలో అందరూ ముందు వెతికేది గులాబీ పువ్వునే.

చూసినవాళ్లకి తెలుసు, చూడనివాళ్ల కోసం చెబుతాను. పొడవాటి కడ్డీ చివర పువ్వు ఆకారంలో ఇనప అచ్చు ఉంటుంది. బియ్యప్పిండి, మైదా సమంగా తీసుకుని, పంచదార పొడి, గుడ్డు, కొబ్బరిపాలు, యాలకులు, నల్ల నువ్వులు వేసి దోసెల పిండి కంటే కాస్త పల్చగా కలుపుతారు. అచ్చుని ముందు మరిగే నూనెలో పెట్టాలి. అది కాలాక తీసి పిండిలో ముంచాలి, అదీ ముప్పాతిక వంతే. పై అంచు దాటి మునిగిందా, పిండి అచ్చుని చుట్టేసి ఇక ఊడి రాదు. మళ్లీ నూనెలో పెట్టి కడ్డీని సన్నగా, ఆగకుండా ఊపాలి. అప్పుడు పువ్వు అచ్చుని వదిలి తేలుతుంది. ఎక్కువ ఊపితే విరుగుతుంది, తక్కువ ఊపితే అంటుకునే ఉంటుంది. బియ్యప్పిండి అడుక్కి దిగిపోతుంటుంది కాబట్టి పక్కన ఒకళ్లు గిన్నె కలుపుతూనే ఉండాలి. ఒక్కరివల్ల అయ్యే పని కాదు.

పిన్ని మా ఇంటికి వచ్చేసిన ఏడు నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో ఉంటాయి. అమ్మకి సొంత చెల్లెలు. పెళ్లయిన కొన్నాళ్లకే అత్తారింటివాళ్లు తెచ్చి దించి వెళ్లారు. అమ్మమ్మ అప్పటికి లేదు. పిన్ని వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. తల దువ్వుకునేది కాదు. పిలిస్తే పలికేది కాదు, ఒక్కోసారి రాత్రంతా పలుకుతూనే ఉండేది. బంధువులకి చెప్పేటప్పుడు "నరాల బలహీనత" అనేవాళ్లు. స్కూల్లో ఎవరో ఎర్రగడ్డ అని వేళాకోళం చేస్తే అక్క వాడి మీద పలక విసిరింది. ఇంటికొచ్చి నూనె రాసి ప్రార్థన చేసినవాళ్లున్నారు, దయ్యమన్నవాళ్లున్నారు. అమ్మ అందరికీ కాఫీ ఇచ్చి పంపించి, పిన్నిని మాత్రం రిక్షాలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది. ఆయనిచ్చిన మాత్రకి అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించాల్సి వచ్చేది. అది లిథియం అని పెద్దయ్యాక తెలిసింది. దానివల్ల పిన్నికి ఎప్పుడూ దాహం, వేళ్లు సన్నగా వణికేవి. గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికేవి. అందరి ముందూ అన్నం తినడానికి ఆ వణుకుకే సిగ్గుపడేది.

ఆ డిసెంబరులో గులాబీ పువ్వులు చేసే రోజున అమ్మ వెనక గది తలుపు తీసి, "లేవే, అచ్చు పట్టుకునేవాళ్లు లేరు" అంది. బతిమాలింది లేదు, బుజ్జగించింది లేదు. పిన్ని ఎందుకు లేచిందో నాకిప్పటికీ తెలియదు. వచ్చి పొయ్యి ముందు పీట మీద కూర్చుంది. మొదటి రెండు మూడు పువ్వులు ఎవరు చేసినా పోతాయి, అచ్చు ఇంకా కాలి ఉండదు. అవి పోయాయి. తర్వాత పిన్ని చేతిలోంచి పువ్వులు ఒకదాని వెనక ఒకటి ఊడి తేలడం మొదలుపెట్టాయి. ఊపాల్సిన పని లేదు. ఆ వణుకు సరిగ్గా సరిపోయింది. ఒక్కటీ విరగలేదు. అమ్మ గిన్నె కలపడం ఆపేసి చూస్తోంది. పిన్ని అచ్చు పైకెత్తి, చెయ్యి చూసుకుని, "ఈ మాత్రలు పువ్వులకే ఇచ్చినట్టున్నాడు డాక్టరు" అంది. ఆవిడ హాస్యమాడగా మేం విన్నది అదే మొదలు. అమ్మ, "నోరు మూసుకుని నూనె చూడు, పొగలొస్తోంది" అంది గానీ, ఆ సాయంత్రం ఇద్దరూ ఏదో ఒకదానికి నవ్వుతూనే ఉన్నారు.

దాంతో పిన్నికి నయమైపోయిందని రాస్తే బాగుంటుంది కానీ అబద్ధమవుతుంది. క్రిస్మస్ రోజు చర్చికి రాలేదు. జనవరిలో మళ్లీ గోడవైపు తిరిగింది. ఆ పైయేడు కాస్త నయం, ఆ పైయేడు ఇంకాస్త. మందు మానకుండా వాడుతూ, నాలుగేళ్లయ్యాక కుట్టుమిషను కొనుక్కుని జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. గులాబీ పువ్వుల రోజు మాత్రం ఏటా అచ్చు ఆవిడదే.

నా చదువు, ఉద్యోగం, పెళ్లి అందరికీ జరిగినట్టే జరిగాయి, వదిలేస్తాను. 2000 దాటాక మా ఆయన ఉద్యోగం మమ్మల్ని మిన్నెసోటాలో సెయింట్ పాల్‌కి చేర్చింది. చలి సంగతి ముందే విన్నాం కాబట్టి కోట్లూ బూట్లూ కొనుక్కుని సిద్ధంగానే ఉన్నాం. చీకటి సంగతి ఎవరూ చెప్పలేదు. గుంటూరులో ఏడాది మొత్తం మీద అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలుంటుంది. ఇక్కడ డిసెంబరులో తొమ్మిది గంటలు కూడా ఉండదు. సాయంత్రం నాలుగున్నరకి సూర్యుడు దిగిపోతాడు. ఆ ఉన్న కాసేపూ మబ్బే.

మొదటి చలికాలాలు ఎలాగో గడిచాయి. బాబు పుట్టి, నేను ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్న ఏళ్లలో పట్టుకుంది. అక్టోబరు చివర్లో మొదలై మార్చి దాకా ఉండేది. ఏడుపు కాదు. ఏడిస్తే ఎవరికైనా అర్థమయ్యేది. పప్పు చేయాలా, చారు పెట్టాలా అన్న దగ్గర వంటింట్లో నిలబడిపోయి, తేల్చుకోలేక, చివరికి ఏదీ చెయ్యకుండా వచ్చి పడుకునేదాన్ని. అమ్మ ఫోన్ మోగుతుంటే చూస్తూ ఉండేదాన్ని, తీసి "బాగానే ఉన్నాం" అనడానికి కూడా ఓపిక కూడేది కాదు. బాబుకి మూడేళ్లప్పుడు పొద్దున్నే మంచం దగ్గరికొచ్చి, "అమ్మా, ఇవాళ లేచే రోజా?" అని అడిగేవాడు. వాడు దాన్ని వానొచ్చే రోజు, స్నో పడే రోజు లాంటిదే అనుకున్నాడు.

మా ఆయన మంచివాడు. "ఇండియా వెళ్లొస్తావా, టికెట్ చూడనా?" అనేవారు. తెలిసినవాళ్లు, "ఖాళీగా ఉంటే అలాగే ఉంటుంది, ఏదైనా కోర్సు చెయ్యి" అన్నారు. శనివారం ప్రార్థన కూటంలో ఒకావిడ, నేను విశ్వాసంలో చల్లబడ్డానంది. మిన్నెసోటాలో చల్లబడకుండా ఎవరున్నారు?

చివరికి వేరే పనికి క్లినిక్‌కి వెళితే నర్సు ఒక కాగితం ఇచ్చింది. గడిచిన రెండు వారాల్లో ఎలా ఉన్నారు అని తొమ్మిది ప్రశ్నలు. పనుల మీద ఆసక్తి, నిద్ర, ఆకలి, అలసట. ఎనిమిదింటికి ఇంట్లో సరుకుల చీటీ రాసినంత తేలిగ్గా టిక్కులు పెట్టాను. తొమ్మిదోది, చచ్చిపోతే బాగుండుననిపించిందా అని. పెన్ను అక్కడ ఆగింది. "కొన్ని రోజులు" అన్న గడిలో టిక్కు పెట్టాను. పది నిమిషాల్లో వస్తానన్న డాక్టరు రెండు నిమిషాల్లోనే వచ్చి, తలుపు వేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఇప్పుడైతే ఇలాంటి ఆలోచనలొస్తే ఫోన్ చెయ్యడానికి అమెరికాలో 988 నంబరుంది, 2022 జూలై నుంచి. అదే ఏడు అక్టోబరులో మన దేశంలో అలాంటిదే టెలీ మానస్ వచ్చింది, 14416. తెలుగులోనూ మాట్లాడతారు. అప్పుడు ఆ కాగితమే నాకు దిక్కయింది.

డాక్టరు మాత్ర రాసింది. పనిచెయ్యడానికి వారాలు పడుతుందని, మధ్యలో ఏమీ జరగట్లేదని ఆపొద్దని చెప్పింది. దాంతోపాటు లైట్ బాక్స్ కొనుక్కోమంది. పది వేల లక్స్ వెలుగిచ్చే పలక. పొద్దున్నే అరగంట దాని ముందు కూర్చోవాలి, నేరుగా అందులోకి చూడక్కర్లేదు. చలికాలపు డిప్రెషన్‌ని విడిగా గుర్తించి పేరు పెట్టింది 1984లో, నార్మన్ రోసెంతాల్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు. దక్షిణాఫ్రికా ఎండల్లో పెరిగి అమెరికా చలిలోకి వచ్చిన మనిషి ఆయన. అది చదివినప్పుడు ఆయన మా బంధువేమో అనిపించింది.

పలక అయితే కొన్నాను. దాని ముందు అరగంట ఏం చెయ్యాలో తెలియలేదు. అప్పుడొచ్చింది ఎదురింటావిడ.

డెబ్బై దాటిన మనిషి, భర్త పోయారు. తాతముత్తాతలు నార్వే నుంచి వచ్చారట. అంతకుముందు మా మధ్య మాటలంటే స్నో ఎంత పడింది, ఎవరు తోశారు, అంతే. ఓ డిసెంబరు మధ్యాహ్నం ఫాయిల్ కప్పిన పళ్లెం తెచ్చి చేతిలో పెట్టి, బూట్లకున్న స్నో లోపల పడుతుందని గుమ్మంలోనే నిలబడింది. మర్యాద కోసం ఫాయిల్ తీసి చూశాను. అన్నిటికంటే పైన, పంచదార పొడి చల్లిన గులాబీ పువ్వు ఉంది.

రేకలు అవే, మధ్యలో గుండ్రాలు అవే, అంచుల్లో పలచటి గోధుమరంగు అదే. ఒకటి నోట్లో వేసుకున్నాను. కొబ్బరిపాలు లేవు, నువ్వులు లేవు, బియ్యప్పిండి లేదు కాబట్టి కరకర కొంచెం తక్కువ. "ఇవి మా ఊరివి" అన్నాను. ఆవిడ నవ్వి, "కాదు, మా ఊరివి" అంది. నార్వే, స్వీడన్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ వీటిని రోజెట్లంటారు. అచ్చు చూపిస్తాను రమ్మని అప్పటికప్పుడు ఇంటికి తీసుకెళ్లింది. కడ్డీ, చివర పువ్వు, పక్కన మార్చుకోవడానికి నక్షత్రం, సీతాకోకచిలుక. యూరప్ నుంచి మనకొచ్చిందంటారు, కేరళలో కూడా ఇదే అచ్చు వాడతారు. ఏ దారిన ఎటు వెళ్లిందో గానీ గుంటూరులో మా అమ్మ అటక మీద ఒకటి, సెయింట్ పాల్‌లో ఈవిడ సొరుగులో ఒకటి.

నేనూ ఆవిడలాగే ప్రొటెస్టెంట్లలో లూథరన్‌నే అని చెప్పినప్పుడు ఆవిడ ఇంకా ఆశ్చర్యపోయింది. "ఇక్కడికొచ్చాక మారారా?" అని అడిగింది. ఈ ప్రశ్న ఇక్కడ చాలామంది అడుగుతారు. నాకు కాస్త ఒళ్లు మండుతుంది. ఆ రోజు మాత్రం సరదాగానే చెప్పాను. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టింది 1842లో. ఆయనే తర్వాత మిన్నెసోటా వచ్చి, 1860లో ఇక్కడి లూథరన్ సంఘాలు కలిసి సినడ్ అనే సమాఖ్య‌గా ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. అంటే మీ సినడ్ కంటే మా గుంటూరు సంఘం పద్దెనిమిదేళ్లు పెద్దది. ఆ పెద్దాయన అక్కడితో ఆగలేదు, డెబ్బై ఐదు దాటాక 1869లో మళ్లీ ఓడెక్కి మన గోదావరి జిల్లాల వైపు వచ్చాడు. ఆవిడ అంతా విని, "అయితే మీరే మాకు అక్కలు" అంది. అప్పట్నుంచి శనివారం పొద్దున్నే ఆవిడ వంటిల్లు, నా లైట్ బాక్స్. దాన్ని మోసుకెళ్లి ఆవిడ మిక్సర్ పక్కన పెట్టి, నా అరగంట అక్కడే గడిపేదాన్ని.

నార్వే వాళ్ల ఇళ్లలో క్రిస్మస్‌కి ఏడు రకాలు చెయ్యాలని పట్టింపు. గొట్టంతో వత్తే స్ప్రిట్జ్ ఒకటి, ఆ గొట్టం మన జంతికల గొట్టమే. పల్చగా పెనం మీద కాల్చి గరాటులా చుట్టే క్రుమ్‌కాకె ఒకటి. వేళ్లు కాలుతాయి, చల్లారితే విరుగుతుంది, కాబట్టి ఇంకే ఆలోచనా రాదు. ఓ శనివారం ఆవిడ చిన్న సీసా తీసి అర చెంచా తెల్ల పొడి పిండిలో వేసింది. నేను పట్టించుకోలేదు. పది నిమిషాలకి ఓవెన్ తలుపు తీసేసరికి ఆ ఘాటు ముఖాన కొట్టింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అమోనియానే. వాళ్లు ఇంకా వాడుతున్నారు. "కొంచెం వెనక్కి నిలబడు, వాసన పోతుంది" అంటోంది ఆవిడ. నేను వెనక్కి జరగలేదు. నాన్న బల్ల దగ్గర కాపలా ఉన్నాడు, చీటీ మాడిపోయింది, మా రేకు ఏదో తేలాలి.

ఈ బేకింగ్‌లో నాకేం దొరికిందో కొన్నాళ్లు నాకే సరిగ్గా అర్థం కాలేదు. మన వంట నాకు చేతకాకపోవడానికి కారణం ఓపిక లేకపోవడం ఒక్కటే కాదు. మన వంటలో అడుగడుగునా మనమే తేల్చుకోవాలి. ఉప్పు తగినంత, నీళ్లు చూసుకుని, పోపు రంగు మారాక, చారు ఒక పొంగు రాగానే. అమ్మని కొలత అడిగితే "కంటికి తెలుస్తుందే" అనేది. కంటికి ఏదీ తెలియని రోజుల్లో ఆ వంట ఎలా చెయ్యను? ఎదురింటావిడ వంటకం రాసుకున్న కాగితంలో అన్నీ ఉన్నాయి. రెండు కప్పుల మైదా అంటే రెండు కప్పులే. 350 డిగ్రీల ఫారెన్‌హీట్, పది నిమిషాలు. గంట మోగితే తియ్యి. నేను తేల్చుకోవాల్సింది ఏమీ లేదు, కాగితం చెప్పినట్టు చెయ్యడమే. ఇది మా థెరపిస్టుకి చెబితే, మనసు బాగయ్యాక పని చేద్దామని ఆగకుండా, చిన్న పనితో మొదలుపెట్టమనే పద్ధతి ఒకటి ఉందని, నాకు తెలియకుండానే అదే చేస్తున్నానని అంది. పని మొదలుపెడితే మనసు వెనకాల రావచ్చు, రాకపోనూవచ్చు. వచ్చినా రాకపోయినా బిస్కెట్లయితే ఉంటాయి.

బేకింగే థెరపీ అని గిన్నెల ఫొటోలు పెట్టేవాళ్లని చూస్తే మాత్రం నాకు చిరాకు. మాత్ర మాత్రే, మైదా మైదానే. మాత్ర, వెలుగు, మాటలు నన్ను వంటింటి దాకా నడిపించాయి. అక్కడ మైదా ఉంది కాబట్టి చేతులు ఊరుకోలేదు.

అన్నీ ఉన్నా కుదరని డిసెంబరూ ఒకటి వచ్చింది. అమ్మ పోయిన ఏడు. చర్చి బేస్‌మెంట్‌లో కుకీలు ఇచ్చిపుచ్చుకునే రోజుకి పేరు రాయించుకున్నాను, పిండి కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను, ఆ పైన నాలుగు రోజులు ఫ్రిజ్ తలుపు తియ్యలేకపోయాను. ఎదురింటావిడకి ఫోన్ చేసి రావట్లేదన్నాను. కారణం అడగలేదు. వచ్చి, ఫ్రిజ్ తీసి, పిండి గిన్నె పట్టుకుని వెళ్లింది. మర్నాడు చర్చి బల్ల మీద నా పేరు రాసిన కార్డుతో నా కుకీలున్నాయని మా ఆయన ఫొటో తెచ్చి చూపించారు. ఇంటికి మాత్రం మా వంతు పళ్లెం వచ్చింది, ఏడెనిమిది ఇళ్ల కుకీలతో. బాబు ఒక్కడే తిన్నాడు.

అమ్మ పోయాక పిన్నితో మాటలు పెరిగాయి. ఆవిడకి ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతున్నాయి. వాట్సాప్‌లో పొద్దున్నే బైబిల్ వాక్యం పంపుతుంది, తర్వాత జాకెట్ల డిజైన్లు పంపుతుంది. నా సంగతి ఆవిడకి చెప్పడానికి నాకు చాలాకాలం పట్టింది. చెప్పాక మాత్రం రెండో మాట లేకుండా, "ఏ మాత్ర? ఎంత పవరు? పొద్దున వేసుకుంటున్నావా, రాత్రా?" అని అడిగింది. చీర ఎంతకి కొన్నావు అన్నంత మామూలుగా. తనకి వేసవిలో నీళ్లు ఎక్కువ తాగమని డాక్టరు చెప్పాడని, మజ్జిగలో ఉప్పు మానొద్దన్నాడని, రక్తపరీక్ష ఇప్పుడు ఇంటికొచ్చే తీసుకెళ్తున్నారని చెప్పింది. మా ఇంట్లో ఇద్దరు మనుషులు దీని గురించి అంత తాపీగా మాట్లాడుకోవడం అదే మొదలు.

ఒకసారి ఆ గులాబీ పువ్వుల రోజు గురించి అడిగాను. అమ్మ ఎంత తెలివిగా ఆలోచించి నిన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టిందో కదా పిన్నీ అన్నాను. ఇన్నేళ్లూ నేను నమ్ముతూ వచ్చిన కథ అది. పిన్ని పకపకా నవ్వింది. "తెలివా పాడా! ఆ ఏడు పనమ్మాయి మానేసింది. మీ అక్కకి నూనంటే భయం, నువ్వేమో పిడికెడంత. మనిషి దొరక్క లేపింది నన్ను." కాసేపాగి, "అదే నయమైందిలే. నన్ను బాగుచేద్దామని వచ్చినవాళ్లని చూస్తే నాకు ఒళ్లంతా భయం పట్టుకునేది. మీ అమ్మ ఒక్కతే పని చెప్పింది" అంది.

ఎదురింటావిడ రెండేళ్ల కిందట ఇల్లమ్మేసి కూతురి ఊరికి దగ్గర్లో పెద్దవాళ్లుండే అపార్ట్‌మెంట్‌కి మారింది. డిసెంబరులో ఒకసారి వస్తుంది. ఏడు రకాలు ఇప్పుడు మా ఇంట్లోనే. ఆరు ఆవిడవి, ఏడోది మాది, బియ్యప్పిండితో. రోజెట్ల బదులు గులాబీ పువ్వులే చేస్తానంటే ఆవిడ కొంత బేరమాడి ఒప్పుకుంది. పైన పంచదార పొడి మాత్రం చల్లాల్సిందేనట.

చిక్కు నువ్వుల దగ్గరొచ్చింది. 2023 జనవరి నుంచి ఇక్కడ ప్యాకెట్ల మీద నువ్వులున్నాయని విడిగా రాసి తీరాలని చట్టం అమల్లోకి వచ్చింది, చాలామందికి పడవు. చర్చివాళ్లు కూడా కుకీల పక్కన పెట్టే కార్డు మీద గుడ్లు, పాలు, గింజలతో పాటు నువ్వుల గడి చేర్చారు. పోయిన వారం వీడియో కాల్‌లో కార్డు రాస్తూ పిన్నికి ఇది చెప్పాను.

"నువ్వులు పడకపోవడమేంటే? వాళ్లని చెక్కలు తినమను."

"చెక్కల్లోనూ వేస్తాం కదా పిన్నీ."

"కజ్జికాయలు పెట్టు."

"నువ్వు చేసే కజ్జికాయల్లో ఉండేదే నువ్వులూ కొబ్బరీ."

పిన్ని కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మరి క్రిస్మస్‌కి ఏం తింటారే వాళ్లు?"

ఈసారికి రెండు గిన్నెల్లో కలుపుతున్నాను, ఒకదాంట్లో నువ్వులు లేకుండా. పిన్నికి ఇంకా చెప్పలేదు.